రికార్డులో పేరు, ఎదురుగా మనిషి

ఈ గొడవంతా ఒక పేరు గురించి. అయినా ఆ పేరు నేనిక్కడ రాయను. పుట్టినప్పుడు ఆ పేరు పెట్టించుకున్న మనిషి ఒకరు, ఆ పేరుతో ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసిన మనిషి ఇంకొకరు. ఇద్దరూ బతికే ఉన్నారు, మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. వాళ్లు సొంత అన్నదమ్ములు కాబట్టి ఒకరిని అన్న అని, ఇంకొకరిని తమ్ముడు అని రాస్తాను. మీకూ తికమక ఉండదు.

నేను గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తాగా చేరి, అక్కడే సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా ఆఫీసు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా కాలనీలో కనబడితే, "ఇప్పుడంతా కంప్యూటర్లనే ఉంటది అంకుల్, మనిషిని చూసే పనే లేదు" అంటున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మనిషిని చూడకుండా పని కానిచ్చినవాణ్ని నేను. అదీ కంప్యూటర్ లేకుండానే.

నాకు రిపోర్టు రాయడం బాగా వచ్చు. మా ఆఫీసర్ నా రిపోర్టు చదివి సంతకం పెట్టేవారే తప్ప, పెన్నుతో దిద్దడం నేనెరగను. ఒక్క మాట ఎక్కువ ఉండదు, ఒక్క మాట తక్కువ ఉండదు. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను. కాకపోతే నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా అలాంటి చక్కటి రిపోర్టులోనే ఉంది.

గనిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు ఇక పనికి రాడని తేలిస్తే, అతని పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అయితే ముందు ఎంక్వైరీ జరగాలి. దరఖాస్తు పెట్టిన పిల్ల నిజంగా ఆ కార్మికుడి పిల్లేనా అని చూడాలి. ఆ ఎంక్వైరీలకు వెళ్లే పని చాలా ఏళ్లు నాదే.

ఒకసారి ఒక ఫైలు వచ్చింది. కార్మికుడు మొదట్లో టబ్బుల్లోకి బొగ్గెత్తే ఫిల్లరు, తర్వాత పైకప్పుకు కర్రలు నిలబెట్టే టింబర్‌మన్. మోకాళ్లు అరిగిపోయాయి, ఊపిరి ఆడటం లేదు. బోర్డు అన్‌ఫిట్ చేసింది. డిగ్రీ చదివిన కూతురు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. చిక్కు ఎక్కడంటే, కూతురి పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటుంది, గని రికార్డులో కార్మికుడి పేరు ఇంకొకటుంది. తేల్చుకు రమ్మని నన్ను అతని సొంతూరికి పంపారు.

మంచిర్యాల వైపు బస్సెక్కి, గోదావరి దాటి, అక్కణ్నుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. కిరాణా కొట్టు దగ్గర రికార్డులోని పేరు చెప్పి, ఈయన ఇల్లెక్కడ అని అడిగాను. కొట్టాయన లేచి వచ్చి మరీ దారి చూపించాడు. ఇంటి దగ్గర చేనుకు పోయాడన్నారు. చేనుకు పోయాను. పత్తి ఏరుతున్న ఒక పెద్దమనిషి నడుము పట్టుకుని లేచాడు. పేరు చెప్పి, మీరేనా అన్నాను.

"నేనే సార్. ఏంది కథ?"

"బొగ్గు బాయిల ఎప్పుడన్న పని చేసిండ్రా?"

"నేనా? లేదు సార్. పనిల చేరమని చిట్టీ అయితె వచ్చింది. ఒక్క రోజు పోయిన. బాయి మూతి కాడ నిలవడి లోపలికి చూసిన. చీకటి. భయమై మర్లొచ్చిన."

"మీకు బిడ్డలెందరు?"

"ఇద్దరు కొడుకులే. బిడ్డలు లేరు. మా తమ్మునికైతె..."

"మీ తమ్ముని సంగతి నేనడగలేదు. అడిగిన కాడికి చెప్పుండ్రి."

"మంచిది సార్" అన్నాడు ఆయన. వేలిముద్ర వేశాడు. రెండు గంటల బస్సు అందుకోవాలని నా తొందర నాది.

మర్నాడు రిపోర్టు రాశాను. "ఫలానా వ్యక్తి తన సొంత గ్రామంలో వ్యవసాయం చేసుకుంటున్నాడు. అతను గనిలో ఎన్నడూ పనిచేయలేదు. అతనికి కూతుళ్లు లేరు." ఫలానా అన్నచోట పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మా ఆఫీసర్ చదివి, "ఇలా ఉండాలయ్యా రిపోర్టంటే" అన్నారు. వారం తిరక్కుండా దరఖాస్తు తిరస్కరించామని ఆ అమ్మాయికి ఉత్తరం వెళ్లింది. నా రిపోర్టులోని మాటలే అందులో కారణాలు.

నాలుగో రోజు ఆ అమ్మాయి ఉత్తరం పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"సార్, గీ లెటర్ల మా బాపుకు కూతుర్లు లేరని ఉన్నది. మరి నేనెవర్ని?"

"అట్ల కాదమ్మా. ఫలానా ఆయనకు లేరని ఉంది."

"బాయిల ఫలానా ఆయన అంటె మా బాపే గద సార్. ల్యాంపు రూముల అడుగుండ్రి. క్యాంటీన్ల అడుగుండ్రి."

"ఆ పేరుగల మనిషిని నేను స్వయంగా చూసొచ్చిన. చేన్ల ఉన్నడు."

"ఆయన మా పెద్దబాపు సార్" అంది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది.

మా గదిలోనే ఒక మూల తపాలా సెక్షన్. అక్కడ ఒక అక్క ఉండేది. తండ్రి గనిలో చనిపోతే ఉద్యోగంలో చేరిన మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడేది, మిగతా ఆరు రోజులు మా తప్పులు పట్టేది. ఆ అమ్మాయి మెట్లు దిగేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గా పిల్ల ఏమన్నదో ఇన్నవా?"

"ఇన్న అక్క. రూల్ ప్రకారం..."

"రూలు పక్కకు వెట్టు. నీ రిపోర్టు తీసి పైకి చదువు."

చదివాను.

"అండ్ల అబద్ధం ఉన్నదా?"

"ఒక్కటి లేదు."

"మరి గా మాటలన్ని ఎవరి గురించి? నువ్వు చేన్ల చూసినాయన గురించా, బోర్డు అన్‌ఫిట్ చేసినాయన గురించా?"

నేను రిపోర్టును మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను.

"నాకు దినాం తపాల వస్తది" అంది అక్క, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఒక్క పేరుతోని మన ఏరియాల నలుగురైదుగురుంటరు. కొన్నిట్ల పేరే తప్పుంటది. నేను కవరు మీది అక్షరాలు చూసి ఇయ్య తమ్మీ. రాసినోడు ఎవర్ని మనసుల వెట్టుకోని రాసిండో చూసి ఇస్త. మన కొత్త బిల్డింగే చూడు. గంత పాత బిల్డింగ్ మన ఆఫీసుల ఇంకోటి లేదు, పెచ్చులూడుతున్నయి. అయినా కొత్త బిల్డింగ్ అని రాసిన కవరు ఒక్కటన్న వేరే కాడికి పోయిందా?"

"పోలే."

"గట్లనే. బాయిల గా పేరు పిలిస్తె ఎవలు పలుకుతరో, గా ఫైలు ఆయనది. నువ్వు గదే పేరు పట్టుకపోయి ఊర్ల అడిగినవ్. ఊరోళ్లు వాళ్లకెర్కున్న మనిషిని చూపెట్టిండ్రు. వాళ్ల తప్పేం లేదు."

నాకు రోషం వచ్చింది. "అక్కా, ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేసుడు తప్పా, కాదా?"

"తప్పే. తప్పయితె తప్పని రాయి. కూతురు లేదని ఎందుకు రాసినవ్?"

ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లున్నారు. నేను రాసిన వాక్యాన్ని నాకే చూపించి నోరు మూయించింది మాత్రం ఆ అక్క ఒక్కతే.

ఆ ఆదివారం నా అంతట నేనే సెంటినరీ కాలనీలో తమ్ముడి క్వార్టర్‌కు వెళ్లాను. వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. జరిగింది చెప్పమన్నాను.

"చిట్టీ అన్న పేరు మీద వచ్చింది సార్. అన్న బాయి చూసి భయపడ్డడు. ఇంట్ల తినేటోళ్లం ఏడుగురం. అవ్వ గా చిట్టీ నా చేతుల వెట్టింది. పోయిన. క్లర్కు చిట్టీ చూసి పేరు రాసుకున్నడు. నువ్వేనా అన్నడు. తలకాయ ఊపిన. గంతే సార్. ఒక్కసారి ఊపిన."

"తర్వాతన్న చెప్పొద్దా?"

"పని పోతదని భయం. మొదట్ల ఎవలన్న పిలిస్తె, అన్న వచ్చిండేమో అని ఎనుకకు మర్రి చూసెటోణ్ణి. ఏడాదికి అలవాటైంది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఒకపాలి కర్ర వెడుతున్న. పైకప్పుల పెద్ద బొగ్గు పెల్ల ఊడుతున్నది, నేను చూడలే. దోస్తు గా పేరు వెట్టి గట్టిగ అరిసిండు. ఎగిరి అవుతల వడ్డ. పెల్ల నేను నిలవడ్డ కాడనే వడ్డది. గా పేరు నాది గాకపోతె నేను ఎగురుదునా సార్?"

చాయ్ పట్టుకుని ఆయన భార్య వచ్చింది. వాంగ్మూలంలో ఆమె మాట కూడా ఉంటే మంచిదని, "అమ్మా, మీ ఆయన పేరేంది?" అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయన పేరు నేనెట్ల చెప్త సార్?"

"రికార్డు కోసమమ్మా. ఏ పేరైనా సరే."

"గా మంచం మీద కూసున్నాయనే. రాసుకోండ్రి."

ఆ మాట రాసుకోవడానికి మా ఫారంలో గడి లేదు. కానీ ఆ ఫైలు మొత్తంలో ఎవరూ అంత సూటిగా జవాబు చెప్పలేదు.

ఆయన మొహం అప్పుడే సరిగా చూశాను. కుడి కనుబొమ్మను రెండుగా చీలుస్తూ పాత గాటు. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిందన్నాడు.

సోమవారం రికార్డు రూములో దూరాను. ఆయన చేరిన నాటి రిజిస్టరు కోసం రెండు రోజులు దుమ్ములో వెతికాను. దొరికింది. పేరు ఉండాల్సిన గడిలో అన్న పేరు. తండ్రి పేరు, ఊరు ఇద్దరికీ ఒకటే. పక్క గడిలో గుర్తింపు చిహ్నం: కుడి కనుబొమ్మ మీద గాటు. దాని పక్కన ఎడమ బొటనవేలి ముద్ర.

ఆనాటి గుమాస్తా పేరును చిట్టీ చూసి రాశాడు. గాటును మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి రాశాడు. ఒకే వరుసలో ఇద్దరు మనుషులున్నారు. నేను సగం వరుస పట్టుకుని ఊరికి పోయాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ వరుస నకలు నా ఫైల్లోనే ఉంది. చేనులో అన్న ఎదురుగా నిలబడ్డప్పుడు నా చంకలోనే ఉంది. ఒక్కసారి ఆ గడి చదివి, తలెత్తి ఆయన కనుబొమ్మ వంక చూసి ఉంటే చాలు. తర్వాత చూశాను, ఆయన కనుబొమ్మ మీద చిన్న గీత కూడా లేదు.

ఎంక్వైరీ మళ్లీ జరపాలని, నా రిపోర్టు తప్పుదారి పట్టించిందని నోట్ పెట్టాను. మా ఆఫీసర్ చదివి కళ్లజోడు తీశారు.

"మీ రిపోర్టును మీరే కొట్టేస్తారా? ప్రమోషన్ల లిస్టు పైకి పోయే సమయం. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను సార్."

"ఇంతకీ ఆ రిపోర్టులో తప్పు ఏ వాక్యంలో ఉంది?"

"ఏ వాక్యంలోనూ లేదు సార్. అందుకే దాన్ని దిద్దడానికి వీల్లేదు. కొట్టేయాల్సిందే."

ఆయన చెడ్డవారు కాదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, నోట్ కింద సంతకం పెట్టారు.

నెల రోజులకు విచారణ పెట్టారు. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. వరండాలో బెంచీ మీద అన్న, తమ్ముడు, తమ్ముడి భార్య, కూతురు. అటెండర్ తలుపు దగ్గర నిలబడి ఆ పేరు గట్టిగా పిలిచాడు.

అన్నదమ్ములిద్దరూ లేచారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ లోపలికి వచ్చారు.

"నేను పిలిచింది ఒకరిని" అన్నారు అధికారి. "ఇద్దరెందుకు వచ్చారు?"

తమ్ముడికి ఆయాసంతో మాట రాలేదు. అన్న ముందుకొచ్చాడు. "పిలిసిన పేరు నాది సార్. మీకు కావలసిన మనిషి వీడు."

అధికారి నా రిపోర్టు చేతిలోకి తీసుకున్నారు. "ఇది రాసింది మీరేనా?"

"నేనే సార్."

"ఇందులో ఉన్నవి నిజాలేనా?"

"నిజాలే సార్. కాకపోతే ఆ పెద్దాయన గురించి. ఫైలు ఈయనది."

రిజిస్టరు తెరిచి ఆ వరుస చూపించాను. ఆయన గుర్తింపు చిహ్నం గడి చదివి, ఇద్దరినీ కిటికీ దగ్గరికి రమ్మన్నారు. వెలుతురులో ఇద్దరి నుదుళ్లూ చూశారు. తర్వాత ఇద్దరి బొటనవేలి ముద్రలూ తీసుకోమన్నారు.

"ముప్పై ఏళ్లు వేరే పేరుతో పనిచేయడం తప్పని మీకు తెలియదా?" అని తమ్ముణ్ని అడిగారు.

"తప్పే సార్" అన్నాడు తమ్ముడు, బల్ల అంచు పట్టుకుని. "నాకేం శిక్ష ఏస్తరో ఏయుండ్రి. కని నా బిడ్డను లేదనకుండ్రి."

అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నా ముందు ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.

వేలిముద్రలు పరీక్షకు వెళ్లాయి. రిజిస్టరులోని ముద్ర తమ్ముడిదేనని జవాబు వచ్చింది. ఆ పేరుతో తాను ఎలాంటి హక్కూ అడగనని అన్న కాగితం రాసిచ్చాడు. గనిలో పనిచేసిన మనిషి ఫలానా ఆయన తమ్ముడేనని, ఈ అమ్మాయి అతని కూతురేనని, రికార్డులో పేరు సవరించాలని చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆమెకు స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు. ఇలాంటి ఫైళ్లన్నీ ఇలాగే తేలాయని చెప్పను. పాత రిజిస్టరు దొరకనివి ఉన్నాయి, గుర్తింపు గడిలో పుట్టుమచ్చ అని మాత్రమే రాసి వదిలేసినవి ఉన్నాయి. పుట్టుమచ్చ లేని మనిషెవరు?

నాకు మెమో వచ్చింది, ఎంక్వైరీలో నిర్లక్ష్యం అని. ఆ ఏడు ప్రమోషన్ లిస్టులో నేను లేను. ఆ మెమో డ్రాఫ్టు కూడా నేనే రాశాను. మా సెక్షన్‌లో అంత బాగా రాసేవాళ్లు ఇంకొకరు లేరు మరి. నా పేరు, హోదా, ఉద్యోగి నంబరు, కూర్చునే గది అన్నీ వివరంగా రాశాను. తపాలా అక్క దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది మాత్రం సరైన మనిషికే పోయింది తమ్మీ" అంది.

ఆ తర్వాత నేను ఊళ్లకు పోయినప్పుడు పేరు చెప్పి మనిషిని అడగడం మానేశాను. ముందు మనిషి దగ్గర కూర్చుని, ఎక్కడ ఏం పని చేశావు, పక్కన ఎవరు పనిచేశారు, నిన్ను ఏమని పిలిచేవారు అని అడిగేవాణ్ని. అడగని సంగతి చెప్పబోతే ఆపేవాణ్ని కాదు. రెండు గంటల బస్సు ఎన్నోసార్లు తప్పిపోయింది. రిపోర్టులు కొంచెం పొడుగయ్యాయి. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ కూడా వచ్చింది.

ఇంకొక్క సంగతి ఉంది.

పేరు తేలనందువల్ల తమ్ముడికి గనిలో వీడ్కోలు సన్మానం ఆగిపోయింది. జ్ఞాపిక మీద ఏ పేరు చెక్కించాలో వాళ్లకు తెలియలేదు. ఉత్తర్వు వచ్చాక, మొదటి షిఫ్టు దిగిన వేళకు క్యాంటీన్ హాల్లో ఏర్పాటు చేశారు. నన్నూ పిలిచారు. వెళ్లాలా వద్దా అని కాసేపు తటపటాయించి, వెళ్లాను. హాలు నిండా కార్మికులు. అన్న ఊరి నుంచి వచ్చి ముందు వరుసలో తమ్ముడి పక్కన కూర్చున్నాడు.

మేనేజర్ మైకు ముందుకొచ్చి సేవలను పొగిడి, సవరించిన పేరు, అంటే తమ్ముడికి తల్లిదండ్రులు పెట్టిన అసలు పేరు చదివి, వేదిక మీదికి రమ్మని పిలిచారు. తమ్ముడు అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఎవరొస్తారా అని అటూ ఇటూ చూశాడు.

వెనక నుంచి దోస్తులు గొల్లున నవ్వారు. ఎవరో పాత పేరు పెట్టి కేకేశారు. ఠక్కున లేచి నిలబడ్డాడు. అప్పుడు అర్థమై సిగ్గుపడుతూ వేదిక ఎక్కాడు. మెడలో దండ వేశారు, శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. మాట్లాడమన్నారు. ఆయాసం వల్ల ఏమీ మాట్లాడలేకపోయాడు. మెల్లగా మెట్లు దిగి, శాలువా తీసి అన్న భుజాల మీద వేశాడు.

"ఇది నీదే అన్నా. నీ పేరు మీదనే చేసిన పని."

అన్న ఆ శాలువా అంచు వేళ్లతో తడిమాడు. తర్వాత తమ్ముడి చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను వెనక వరుసలోనే ఉన్నాను కాబట్టి ఆయన అన్న మాట వినబడింది.

"ముప్పై ఏండ్లు నా పేరు వాడినవ్ రా. ఒక్క మచ్చ వడకుంట వాపస్ ఇచ్చినవ్."